నాలుగు పూరీలు, ఒక టిక్కు మార్కు

ఆ రోజుల్లో, ఒక మనిషి ప్రాణం కాపాడాలంటే ముందుగా కావలసింది చెడని ఇస్త్రీ మడత అని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. నవ్వకండి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. అత్యవసర వైద్యంలో డిప్లొమా చదువుతున్నాను. చదువు చివర్లో పదిహేను రోజులు అంబులెన్సు సిబ్బంది వెంట తిరిగి పని చూడాలి, వాళ్లు సంతకం పెడితేనే సర్టిఫికెట్టు. మా బ్యాచిలో అందరికీ మైదాన ప్రాంతంలోనే వేశారు, నాకు మాత్రం అరకు పడింది. (అరకులో మా పిన్ని వాళ్లకి కిరాణా కొట్టుంది, అక్కడైతే నాకు తిండికి లోటుండదని మా నాన్నే ఎవరినో బతిమాలి వేయించారని తర్వాత తెలిసింది. ఆ తిండి చివరికి ఎంత పని చేస్తుందో పాపం ఆయనకి మాత్రం ఏం తెలుసు?)

బండిలో టెక్నీషియన్‌గా ఉండే ఆవిడని మాకు ముందు వచ్చిన విద్యార్థులు ఇస్త్రీ మేడం అని పిలుచుకునేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. మామూలుగా పుస్తకం భాష మాట్లాడేవారు, కోపమొస్తే మాత్రం సొంత ఊరి భాషలోకి దిగిపోయేవారు. మొదటి రోజు నన్ను గోడ దగ్గర నిలబెట్టి, అక్కడ అంటించిన నియమాల కాగితం పైకి చదివించారు. చొక్కా ఇస్త్రీ చేసి లోపలికి దోపుకోవాలి, నల్ల బూట్లకి పాలిష్ ఉండాలి, గోళ్లు పెంచకూడదు, జడ వేలాడకూడదు, గాజులు, ఉంగరాలు, సెంటు వద్దు, ఫోను సంచిలోంచి బయటికి రాకూడదు. డ్యూటీకి ముందు తేలికగా తినాలి. స్ట్రెచర్ మీద విద్యార్థులు కూర్చోవడం, పడుకోవడం నిషేధం. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రోగులు పడుకునే స్ట్రెచర్ మీద చదువుకున్న దాన్ని నేనెందుకు పడుకుంటాను?

కాగితంతో పాటు ఒక ఫారం ఇచ్చారు. పేరు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు, చిట్టచివర ఒక ప్రశ్న: ‘ప్రయాణంలో తల తిరగడం, వాంతులు అవుతాయా?’ పక్కన రెండు గడులు, అవును, లేదు. ఇక్కడ మీకొక కుటుంబ రహస్యం చెప్పాలి. మా ఊరి నుంచి విజయనగరం వెళ్లే బస్సులో కండక్టరుకి నా పేరు తెలియదు గాని, ‘కవరు గుంట’ అంటే తెలుసు. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల.) నేను ఎక్కగానే కిటికీ పక్కన ఉన్న పెద్దమనిషిని లేపి, ‘బాబూ, అటు జరుగు, కవరు గుంటొచ్చింది’ అనేవాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు లేకుండా నేను బస్సెక్కిన రోజు లేదు. అరకు కూడా అందుకే రైల్లో వచ్చాను. (రైలు నన్నేమీ చేయదు. బొర్రా దగ్గర గుహల్లాంటి సొరంగాల్లోంచి వెళుతున్నప్పుడు కూడా కులాసాగా వేరుశనక్కాయలు తిన్నాను.) నిజం రాస్తే ఇంటికి పంపించేస్తారని, బ్యాచంతా నవ్వుతారని భయం వేసింది. పెన్ను తీసి ‘లేదు’ గడిలో టిక్కు పెట్టాను, అదీ ఎంతో అందంగా.

మొదటి రెండు రోజులూ బండి లోయలోనే చదునైన రోడ్డు మీద తిరిగింది. నాకు ఏమీ కాలేదు. రోగం తగ్గిపోయిందని, యూనిఫాం వేసుకోగానే ఒళ్లు కూడా బాధ్యత తెలుసుకుందని నేనే తీర్మానించుకున్నాను. మూడో రోజు పొద్దున్న పిన్ని పూరీలు చేసింది. “కొండల్లో తిరిగే పిల్లవి, కడుపు నిండా తిను” అని ఒకటి తర్వాత ఒకటి వేస్తూ పోయింది. నాలుగు తిన్నాను. ఆ తర్వాత కొట్టు ముందు వేలాడే అద్దంలో బొట్టు సరిచేసుకుని, చొక్కా మడతలు రెండుసార్లు చూసుకుని మరీ డ్యూటీకి వెళ్లాను.

వెళ్లేసరికే ఫోనొచ్చింది. కొండ మీద ఊళ్లో ఒక ఆమెకి నొప్పులు మొదలయ్యాయట. బండిని నడిపే ఆయన్ని అక్కడ పైలట్ అంటారు. మా పైలట్ బాబాయి ఆ చుట్టుపక్కల వాడే, నిదానస్తుడు. వెళ్లేటప్పుడు నేను ముందు సీట్లో కూర్చున్నాను, అద్దం దించి ఉంది, చల్లగాలి తగులుతోంది, కాఫీ తోటలు చూస్తూ మహారాణిలా వెళ్లాను. రోడ్డు ఒక కల్వర్టు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి ఊరికి కాలిబాటే. అప్పటికే ఆమెని నలుగురు మనుషులు డోలీలో, అంటే కర్రకి కట్టిన దుప్పటి ఉయ్యాల్లో, మోసుకొచ్చి మా కోసం చూస్తున్నారు. వెంట అత్తగారు, పొట్టి ముసలావిడ. స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే ఆవిడ మేడం చెయ్యి పట్టుకుని, “పోయినేడు బిడ్డని ఈ దారిలోనే పోగొట్టుకున్నాం తల్లీ. రోడ్డు కాడికి రాకుండానే అయిపోనాది. ఈ సారి పెందలకడే తెచ్చీసినాం” అంది. మేడం ఆవిడ భుజం తట్టి లోపలికి ఎక్కించారు.

తిరుగు ప్రయాణంలో నా చోటు వెనకాల, పక్క బెంచీ మీద. మేడం నా చేతిలో పుస్తకం పెట్టారు. “నొప్పి వచ్చిన ప్రతిసారీ టైము రాయి. నీ పని అదొక్కటే.” తలుపులు మూశారు. అద్దాలు మూసి ఉన్నాయి, స్పిరిట్ వాసన, నేను అడ్డంగా కూర్చున్నాను, బండి దిగుడు మలుపుల్లో పడింది. మొదటి మలుపులో రాశాను. రెండో మలుపులో కూడా రాశాను. మూడోసారి ఆమె మూలిగినప్పుడు నేను గడియారం చూశాను గాని అంకెలు రెండేసి కనిపించాయి. నాలుగో మలుపులో పూరీలు కదిలాయి. కవరు లేదు. (యూనిఫాం జేబులో కవరు పెట్టుకుంటే మడత చెడుతుందని ఇంట్లోనే వదిలేశాను.) ఎదురుగా కాన్పు సామాన్ల దగ్గర మేడం శుభ్రం చేసి పెట్టుకున్న స్టీలు ట్రే కనిపించింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. ట్రేలో సగం, నా చొక్కా మీద సగం.

“ఏటమ్మా! ఏటి సేత్తన్నావు?” అని మేడం అరిచారు. సొంత ఊరి భాష వచ్చేసిందంటే పరిస్థితి చేయి దాటినట్టే. లేచి నిలబడి క్షమాపణ చెప్పబోయాను. అది ఇంకో తప్పు. మలుపుకి తూలి ఆక్సిజన్ సిలిండరుకి తల కొట్టుకుని బెంచీకి, స్ట్రెచర్‌కి మధ్య నేల మీద పడ్డాను. లేపారు, మళ్లీ పడ్డాను. మేడం ఒక చేత్తో ఆమె పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో నా కాలరు పట్టుకున్నారు. అప్పుడు ఆ కడుపుతో ఉన్నామె మోచేతుల మీద లేచింది. “మేడం, నాను కూకుంటాను. ఆ గుంటని తొంగోబెట్టండి. బుర్ర పగిలిపోద్ది” అంది. మేడం వద్దన్నారు. “నొప్పికీ నొప్పికీ మధ్యన నాకేటవదు. కూకుంటేనే బాగుంటాది” అని ఆమె దిగిపోయి అత్తగారి పక్కన కూర్చుంది. నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, దొర్లిపోకుండా బెల్టులు బిగించారు. అత్తగారు కొంగు ముడి విప్పి, కోడలి కోసం తెచ్చిన అల్లం ముక్కలో సగం కొరికి నా నోట్లో పెట్టింది. “నవులు. కళ్లు మూసుకో” అంది. నేను వద్దనలేదు. వద్దనే ఓపిక నాకు లేదు, అదీ నిజమే. కాని ఆ చెక్కు తీయని అల్లం అంత హాయిగా నాకు ఇంకేదీ అనిపించలేదన్నదీ నిజమే, అందుకే ఇంకా సిగ్గు.

ఆస్పత్రి గుమ్మం ముందు బండి ఆగగానే వెనక తలుపులు తెరుచుకున్నాయి. ముందే ఫోను చేసి ఉంచారు కాబట్టి ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉన్నారు. వాళ్లు ఇంకేమీ చూడలేదు, స్ట్రెచర్ లాగి నన్ను గబగబా లోపలికి తోసేశారు. నర్సమ్మ పక్కన పరిగెడుతూ, “ఎన్నో కాన్పమ్మా? ఉమ్మనీరు పోయిందా?” అని అడిగింది. నా నోట్లో అల్లం ఉంది. తల అడ్డంగా ఊపాను. “పోలేదంట” అని ఆవిడ వెనక్కి కేక వేసింది. బెల్టులు నేను విప్పుకోలేకపోయాను, కట్టిన వాళ్లు బాగానే కట్టారు. నవ్వొస్తోంది కదూ? నాకు కూడా ఇక్కడిదాకా చెప్పేటప్పుడు నవ్వొస్తుంది.

కాని తల తిప్పి చూస్తే, తెరిచిన తలుపుల్లోంచి ఆమె కనిపించింది. అత్తగారి భుజం పట్టుకుని తనే మెట్లెక్కుతోంది. మూడో మెట్టు మీద నొప్పి వచ్చింది. అక్కడే కూలబడిపోయింది. అత్తగారు తెలుగు మరిచిపోయి తమ కొండ భాషలో ఏదో అరిచింది, నాకు ఆ భాష రాదు గాని ఆ అరుపు మాత్రం అర్థమైంది. పోయినేడు రోడ్డు దాకా రాలేక పోగొట్టుకున్నారు, ఈ ఏడు ఆస్పత్రి మెట్ల దాకా వచ్చి కూర్చున్నారు, ఆమె పడుకోవలసిన స్ట్రెచర్ మీద నాలుగు పూరీలు తిన్న నేను పడుకుని ఉన్నాను. “ఆవిడ కాదు! ఈవిడ! బేగి రండి!” అని మేడం గొంతు చించుకున్నారు. స్ట్రెచర్ ఖాళీ చేయడానికి పట్టినంత సేపు కూడా ఆగకుండా మేడం, పైలట్ బాబాయి ఆమెని చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకుపోయారు. నన్ను బెల్టులతోనే వరండాలో గోడకి ఆనించి వదిలేశారు. అక్కడ పడుకుని నేను ఏడ్చాను. దేవుడా, ఆ బిడ్డకి ఏమైనా అయితే నేనే, నేనే అని అదే మాట అనుకుంటూ ఏడ్చాను. ఎంతసేపో తెలియదు, గడియారం చూసే ధైర్యం లేదు. చివరికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది. నా ఏడుపు కంటే గట్టిగా, ఎంతో ఆరోగ్యంగా. ఆడపిల్ల.

సాయంత్రం మేడం నన్ను గది బయట కూర్చోబెట్టి ఫారం ముందు పెట్టారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. “గోళ్లు తీసుకున్నావు, బూట్లు మెరుస్తున్నాయి, అన్నీ సరే. ఈ గడిలో అబద్ధం ఎందుకు రాశావు?” అన్నారు. ఇంటికి పంపించేస్తారనుకున్నానని చెప్పాను. మేడం, “ఎందుకు పంపిస్తాం? ముందు సీట్లో కూకోబెడతాం. అంతే” అన్నారు. అంతే! ఆ ‘అంతే’కి నాకు తల కొట్టేసినట్టయింది. మిగిలిన పన్నెండు రోజులూ ముందు సీట్లోనే తిరిగాను, బండి ఆగినప్పుడే వెనక పని చేశాను. చివరి రోజు మేడం సంతకం పెట్టారు. పెట్టే ముందు నా చొక్కా కాలరు సరిచేశారు కూడా.

ఇప్పుడు నేను ఆ కొండల్లోనే టెక్నీషియన్‌ని. వెనకాల కూర్చోవడం నెమ్మదిగా అలవాటైంది, పూర్తిగా అలవాటు కాలేదు. నా దగ్గరికి వచ్చే విద్యార్థులకి ఆ కాగితం నేనే చదివిస్తాను, ఇస్త్రీ గురించి నేను కూడా కఠినంగానే ఉంటాను. (నాకేం పేరు పెట్టారో అడగలేదు, అడగను.) చివరి ప్రశ్నకి ఎవరైనా మరీ తొందరగా ‘లేదు’ అంటే, ఏమీ అనకుండా ముందు సీటు చూపిస్తాను.

మొన్న సంతలో అల్లం బేరం చేస్తుంటే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. ఆమే. పక్కన ఎనిమిదేళ్ల పిల్ల, రెండు జడలు, ముందు పన్ను ఊడింది. ఆమె నన్ను మేడం అనలేదు. నా యూనిఫాం కింది నుంచి పైదాకా చూసి, తన ఇంటి మనిషిని అడిగినట్టు అడిగింది: “తల తిప్పుడు తగ్గినాదా?” అన్నేళ్లలో నేను ఆమెని చూడ్డానికి ఒక్కసారి కూడా ఆ ఊరు వెళ్లలేదు. సిగ్గేసి వెళ్లలేదు. తగ్గిపోయిందమ్మా అని నోటి చివరిదాకా వచ్చింది, అలవాటు మరి. మింగేశాను. “లేదమ్మా, ఇంకా తిప్పుతుంది” అన్నాను. ఆమె తన గంపలోంచి ఒక పెద్ద అల్లం కొమ్ము తీసి, ఇస్త్రీ చేసిన నా జేబులో కుక్కింది. మడత మొత్తం చెడిపోయింది. నేను సరిచేసుకోలేదు.