వీరమ్మత్త సాక్షి సాళ్ళు

పొద్దున్నే పక్క చేలో డ్రోన్ లేచింది. తేనెతుట్టె కదిలినట్టు ఒకటే రొద. గాలి మా వైపు తిరిగిందేమో, మందు తుంపర గట్టు దాటి వచ్చి నా పెదవుల మీద పడింది. చేదు. కొంగుతో తుడుచుకుని ఉమ్మేశాను. ఎగరేసేవాణ్ణి నోరారా తిట్టాను. ఆ రొదలో వాడికేం వినపడుతుంది? చెయ్యి ఊపి నవ్వాడు. నీళ్ళు పుక్కిలించినా ఆ చేదు నాలుక మీంచి పోలేదు. పత్తి రోజుల్లో ఇదే చేదు పెదవుల మీద వేసుకుని ఇంటికొచ్చేవాళ్ళం, నేనూ వీరమ్మత్తా. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే మీరూ ఒకటో రెండో తిట్లు తిని ఉండేవాళ్ళు.

వీరమ్మత్త మాకు చుట్టం కాదు. మా చేనూ ఆమె చేనూ పక్కపక్కన, అంతే. పొడుగ్గా, ఎండకు నల్లబడిన మనిషి. గొంతు ఎంత పెద్దదంటే ఆ గట్టు మీద పిలిస్తే ఈ గట్టున ఎద్దులు ఆగేవి. భర్త పోయాక సేద్యం ఒంటిచేత్తో చేసింది. నేను కాపురానికి వచ్చేనాటికి నాకు పత్తి చెట్టుకీ బెండ చెట్టుకీ తేడా తెలియదు. మా ఆయనకు తెలుసుగానీ, ఆయన ఎవరేం చెప్పినా తలూపే మనిషి. పొద్దున ఒకడు చెప్పిన మందుకు ఊ అనేవాడు, సాయంత్రం ఇంకొకడు చెప్పినదానికీ ఊ అనేవాడు. అందుకని చేను సంగతి నేను చూసుకోవాల్సి వచ్చింది. చూసుకోవడం ఎలాగో నేర్పింది వీరమ్మత్త. ప్రేమగా నేర్పిందని అనుకోకండి. విసుక్కుంటూ నేర్పింది.

అప్పుడు పచ్చ పురుగు ఏ మందుకూ చావని రోజులు. మోటారు సైకిళ్ళ మీద కంపెనీ మనుషులు ఊళ్ళో దిగేవాళ్ళు. ఒక్కో డబ్బా మీద ఒక్కో బొమ్మ, పులి, గద్ద, పిడుగు. తెల్ల బూట్లు వేసుకున్న ఒకతను వచ్చి, "ఈ మందు పడిందంటే పురుగు మీ పొలిమేర తొక్కదమ్మా" అన్నాడు.

"పొలిమేర ఎక్కడిదాకో పురుగుకి నువ్వు చెప్పొచ్చావా నాయనా?" అంది వీరమ్మత్త. పక్కనున్న నేను నవ్వితే నా వైపు గుడ్లురిమింది. తర్వాత అతని భుజానికి మందు కొట్టే పంపు తగిలించి, "నువ్వే కొట్టు. ఆ చివర రెండు సాళ్ళు మాత్రం వదిలెయ్" అంది.

"వదిలేస్తే అక్కణ్ణించి మళ్ళీ పాకుద్దండీ!"

"పాకనీ. అవి నాకు సాక్షి సాళ్ళు. నీ మందుకు పురుగు చచ్చిందో, రాత్రి వానకు కొట్టుకుపోయిందో అవి చెప్తాయి. నువ్వు చెప్పవు."

ఊళ్ళో అందరూ ఆమెను ఎగతాళి చేసేవాళ్ళు. మా ఆయన అయితే "వీరమ్మ పురుగులకు అన్నదానం పెట్టింది" అని అరుగుల మీద చెప్పి నవ్వించేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. వారం తర్వాత వచ్చి చూసి వెళ్ళమని ఆ తెల్ల బూట్లతనికి చెప్పింది. అతను రాలేదు. తమాషా ఏమిటంటే ఆ మందు పని చేసింది. సాక్షి సాళ్ళలో కాయలన్నీ తొలిచేసి ఉంటే, మందు పడిన చోట గూడ, అదే పూమొగ్గ, నిండుగా నిలబడింది. నేను సంబరంగా, "పని చేసింది గదత్తా, ఇంకో రెండు డబ్బాలు తెప్పిద్దాం" అన్నాను.

"చూట్టానికి రానివాడి దగ్గర నేను కొనను."

"పని చేసింది గదా!"

"ఈసారి చేసింది. చెయ్యనినాడు ఎవణ్ణి అడుగుతావే సుబ్బులూ?"

నాకు ఒళ్ళు మండింది. పనిచేసే మందును కాదంటుందేమిటి ఈ మనిషి అనుకున్నాను. ఆమెతో ఉన్నన్నాళ్ళూ నాకు సగం రోజులు ఒళ్ళు మండుతూనే ఉండేది.

ఒకసారి కొత్త పంపు కొనడానికి ఇద్దరం వినుకొండ వెళ్ళాం. కొట్లో ఒక పంపు ఉంది, ఇత్తడి బిందెలా మెరుస్తోంది. బయటి దేశం సరుకు. దాన్ని భుజాన వేసుకుంటే పెళ్ళికి వెళ్తున్నట్టే ఉంది. నా మనసంతా దాని మీదే. వీరమ్మత్త దాన్ని ఒకసారి తట్టి, "దీని వాషర్లు చూపించు" అంది.

కొట్టతను నవ్వాడు. "కొత్త పంపండీ. ఇప్పుడు వాషర్లతో పనేముంది?"

"ఎల్లకాలం కొత్తగా ఉంటదా?"

"అవసరమైతే మద్రాసు నించి తెప్పిస్తామండీ."

"నా పురుగు మద్రాసు నించి రాదు" అని కొట్టు దిగింది. పక్క సందులో ఇంకో కొట్టు. అక్కడ ఆకుపచ్చ రంగు వేసిన మోటు పంపు, అంచులు కూడా సరిగ్గా రాచలేదు. కానీ దాని వాషర్లు పురికొసకు గుచ్చి, పూలదండలా గుమ్మానికి వేలాడదీశారు. అదే కొంది. తిరుగు బస్సులో నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ సంగతి గమనించను కూడా గమనించలేదు. ఆ మోటు పంపును వాళ్ళ ఇంట్లో తర్వాత చాలాకాలం వాడారు.

అంత మనిషీ ఒకసారి దెబ్బతింది. అది కూడా చెప్పాలి. పత్తి విత్తనం ఒక కంపెనీది ఏళ్ళ తరబడి వాడింది. ప్రతిసారీ గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టి, మొలక చూసుకున్నాకే విత్తేది. ఆ ఏడు చూడలేదు. అదే పేరు, అదే రంగు సంచి, ఇన్నేళ్ళుగా మోసం చెయ్యలేదు గదా అనుకుంది. వానా బాగానే పడింది. చేలో మాత్రం మొలక అక్కడొకటీ ఇక్కడొకటీ. నేను నాలుగో తరగతి చదివాను, ఆమె అదీ చదవలేదు. సంచి నా చేతికిచ్చి చదవమంది. పైన పేరు పాతదే. అడుగున సన్న అక్షరాల్లో తయారుచేసిన ఊరు వేరే ఉంది. అడగగా తెలిసింది, పాతవాళ్ళు కంపెనీని ఎవరికో అమ్మేసి వెళ్ళిపోయారట. పేరు ఒక్కటే మిగిలింది.

వీరమ్మత్త గట్టు మీద కూలబడింది. ఆమె కూర్చోగా చూడటం నాకు అదే మొదలు. "పేరు చూసి ఆగిపోయాను సుబ్బులూ. మనుషులు మారిపోయినా పేరు అట్టాగే ఉంటదని నాకు తెలవలేదు" అంది. ఏడవలేదు. సాయంత్రానికి మళ్ళీ నాగలి కట్టించింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా కోడలు పద్మ. మా అబ్బాయి లారీ తోలతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. పద్మ మిరపకాయల కోతకు కూలికి వెళ్ళేది. సర్కారు సాయంతో మా పొదుపు సంఘం తరఫున ఒక డ్రోన్ కొనుక్కోవచ్చన్నారు. నడపడానికి పద్మను ఎన్నుకున్నారు. గుంటూరు దగ్గర శిక్షణకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. యంత్రం ఒక్కసారే వస్తుంది. అది మంచిదైతే పద్మ ఎండలో వంగి కాయలు కోసే పని ఉండదు. పాడై మూలపడితే మళ్ళీ ఆ కోతలే, పైగా ఊళ్ళో నవ్వులు. సంఘానికి పెద్దను నేనే, కాబట్టి సంతకం పెట్టాల్సింది నేను.

ఏ కంపెనీ అంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. మొదట అందరూ ఒక విదేశీ పేరే జపం చేశారు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసే చిన్నవి కూడా వాళ్ళవేనట, అంత గట్టివి లేవట. తీరా చూస్తే వాటిని బయటినుంచి రానివ్వడం లేదు. ఉన్నవాళ్ళు రెక్క విరిగితే ఊరూరా వెతుక్కుంటున్నారు. ఇక మన దేశపువే అంటూ పుట్టగొడుగుల్లా ఎన్ని పుట్టాయో. పైన స్టిక్కరు మనది, లోపల సామాను ఎవరిదో దేవుడికే తెలుసు. అందరివీ ఒకే మాటలు, ఒకే రంగు కాగితాలు.

పద్మకు నచ్చిన కంపెనీ నుంచి రవి అనే కుర్రాడు యంత్రం తీసుకుని మా చేలోకి వచ్చాడు. మిరప పూత మీద ఉంది. పూవు దులిపితే అరచేతిలో తామర పురుగులు నల్లగా రాలుతున్నాయి.

"మామ్మగారూ, ఇంకొన్నాళ్ళు పోతే ఊళ్ళో భుజాన పంపు మోసేవాళ్ళే ఉండరు. అంతా డ్రోన్లే" అన్నాడు.

"అంతా డ్రోన్లే, సరే. మీ కంపెనీ ఉంటుందా?"

"అదేంటండీ అట్టా అంటారు!"

ఇంతలో పద్మ వాళ్ళమ్మ పసుపు గిన్నెతో దిగింది. కొత్త ట్రాక్టరు వచ్చినా, కొత్త మోటారు వచ్చినా పూజ లేకుండా కదలనివ్వని మనిషి. డ్రోన్ కాళ్ళ కింద నిమ్మకాయలు పెట్టింది. ఒళ్ళంతా పసుపు రాసింది. గుండ్రటి అద్దాలు కనిపించిన చోటల్లా, "కళ్ళు గదమ్మా, దిష్టి తగలకూడదు" అంటూ కుంకుమ బొట్లు దట్టంగా అద్దింది. రవి వద్దనలేదు సరికదా, కంపెనీకి పంపుతానని ఫోనులో వీడియో తీసుకున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. రెక్కలు తిరిగాయి. లోపలినుంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో అంది. యంత్రం మాత్రం లేవలేదు.

రవి కంపెనీకి ఫోన్ చేశాడు. పాట వచ్చింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, మళ్ళీ పాట. ఎండ నెత్తికెక్కింది. మందు కలిపిన నీళ్ళు డ్రమ్ములో కూర్చున్నాయి. చివరికి ఎవరో పలికి, లోపల ఏదో పోయి ఉంటుంది, కట్టి పంపించండి, చూసి చెప్తాం అన్నారు. ఎన్నాళ్ళకు అంటే ఫోన్ పెట్టేశారు.

"కట్టి పంపిస్తే ఈలోగా పురుగు ఆగుద్దా?" అని నేను అరుస్తుంటే, పద్మ యంత్రం ముందు గొంతుక్కూర్చుని చూసి, "అయ్యో, మా అమ్మ బొట్లు!" అంది. ఎదురుగా ఏదన్నా అడ్డం ఉందా అని ఆ అద్దాలతోనే అది చూసుకుంటుందట. కుంకుమ అడ్డుపడి, ముందు గోడ ఉందనుకుంటోంది. కొంగు తడిపి తుడిస్తే లేచి ఎగిరింది. అందరూ పడీపడీ నవ్వారు. వియ్యపురాలు కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తప్పు మనదే, ఒప్పుకున్నాను. కానీ అద్దాలు తుడిచారా అని అడిగే దిక్కు కూడా ఆ కంపెనీలో లేదే!

ఆ చివర రెండు సాళ్ళు వదిలించాను. వారం తర్వాత రవి వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. మందు పడిన చోట చిగురు విప్పారింది, వదిలిన సాళ్ళలో ఆకు దోనెలా ముడుచుకుంది. పద్మ నా వైపు తిరిగి, "మందూ పడింది, మనిషీ వచ్చాడు. ఇంకేం కావాలి అత్తయ్యా మీకు?" అంది.

నేను రవిని అడిగాను. "నాయనా, వచ్చే పంటకు నువ్వు ఇదే కంపెనీలో ఉంటావా?"

అతను తల వంచుకుని చెప్పుల మట్టి గట్టుకు రాసుకున్నాడు. "చెప్పలేనండీ. జీతాలు సరిగ్గా రావట్లేదు. కంపెనీని ఎవరికో ఇచ్చేస్తారంటున్నారు. నేను చెప్పానని అనకండి."

ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. సంతకం మాత్రం పెట్టలేదు. ఆ రాత్రి పద్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "మీకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఆ వీరమ్మత్త చచ్చిపోయినా మనింట్లోనే కూర్చుంది. మీరిట్టా అడుగుతూనే ఉండండి, నేను కాయలు కోస్తూనే ఉంటా" అంది.

ఆ మాట నాకు తగిలింది. నిజమే, అడగడం నేర్చుకున్నదాన్ని, అడగడం దగ్గరే ఆగిపోయానేమో. వీరమ్మత్త కొట్టు దిగి ఇంటికి పోలేదు, పక్క కొట్టుకు పోయింది. ఏదో ఒకటి కొనే ఇంటికొచ్చింది. పొద్దున్నే పద్మను లేపి, "నమ్మకం లేదన్నావుగా, అయితే డ్రోన్ విప్పి చూపించేవాడు ఎవడున్నాడో కనుక్కో. వాడి దగ్గరే కొందాం" అన్నాను. పద్మ కళ్ళు వాచి ఉన్నాయి, అయినా ఫోన్ తీసింది.

అన్ని కంపెనీలకూ చేసింది. "మేం వచ్చి మీ దగ్గర విప్పడం, బిగించడం నేర్చుకోవచ్చా?" విప్పితే గ్యారంటీ పోతుందన్నారు చాలామంది. ఒకడైతే ఆడవాళ్ళకు అదంతా ఎందుకన్నాడు, వాడికి నేనే ఫోను లాక్కుని సమాధానం చెప్పాను. ఒక్క చిన్న కంపెనీ వాళ్ళు రమ్మన్నారు. వాళ్ళ యంత్రం చూడటానికి బాగోదు, బిందెకు కాళ్ళు మొలిచినట్టుంటుంది. పద్మ వెళ్ళి, వాళ్ళ షెడ్డులోనే ఉండి, రెక్కలు మార్చడం, మోటారు విప్పడం, మందు చిమ్మే నాజిల్ శుభ్రం చెయ్యడం నేర్చుకుని వచ్చింది. విడి సామాను ఒక పెట్టెడు ముందే ఇప్పించుకుంది. అప్పుడు సంతకం పెట్టాను.

ఈ కంపెనీ మాత్రం ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. ఆ ధ్యాస నన్ను వదల్లేదు, వదలదు కూడా. వీరమ్మత్త నాకిచ్చి వెళ్ళింది ఇదే. కొత్త సరుకు మెరుస్తుంటే నా కళ్ళు చికాకు పడతాయి, చెడిపోయిన రోజున ఎవరుంటారా అని వెతుక్కుంటాయి. ఈ గుణంతో బతకడం సుఖమేమీ కాదు. ఇంట్లోవాళ్ళకు అసలే కాదు.

ఇవాళ మధ్యాహ్నం వరండాలో రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరుతున్నాను. పద్మ నా పాత చీర పరిచి, మోటారు విప్పి దాని మీద పెట్టుకుంది. ఫోన్ మోగింది. పై ఊరి సంఘం అమ్మాయి. "వదినా, మాకూ డ్రోన్ వస్తోంది. ఏ కంపెనీది కొనమంటావు?"

పద్మ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మరచీల మీంచి కళ్ళు తియ్యకుండా అంది. "ఏ కంపెనీ నిలబడుద్దో నాకేం తెలుసు? నీకు నచ్చింది కొనుక్కో. పాడైతే మాత్రం నా దగ్గరకు పట్రా. నేను ఈ ఊళ్ళోనే ఉంటా."

ఊరందరి యంత్రాలూ నెత్తినేసుకుంటావా అని తిడదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని, ఏరిన కాయలే మళ్ళీ ఏరుతూ కూర్చున్నాను.