గాజు మీద పిండి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూసి నవ్వే మనిషిని నేను. పోయినవాళ్ళు తిరిగి వస్తారని ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే అదీ చెప్పలేను. కానీ శేషగిరి చావు గురించి బహ్రెయిన్‌లోని మన తెలుగువాళ్ళు చెప్పుకున్న మాట అబద్ధం. ఆ అబద్ధం నాది. దాన్ని సరిదిద్దాలంటే ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

తొంభైల మధ్యలో మనామాలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసేవాణ్ణి. చలికాలంలో ఆస్ట్రియా కొండల్లోని ఒక చిన్న ఊరికి స్కీయింగ్ టూర్లు పంపేవాళ్ళం. వాటి వెంట వెళ్ళేది శేషగిరి. ఇద్దరిదీ కాకినాడే. అతను ఏటా వెళ్ళి వెళ్ళి స్కీయింగ్ బాగానే నేర్చుకున్నాడు. నేను మాత్రం మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు.

అక్కడి బోర్డులన్నీ జర్మన్‌లో ఉండేవి. ఇంగ్లీషులో మంచు రిపోర్టు మా ఆఫీసుకు ఫ్యాక్స్ వచ్చేది. మాకు వాళ్ళకంటే ముందే తెల్లవారుతుంది. అక్కడ లిఫ్టులు తెరిచేలోగా శేషగిరి హోటల్ నుంచి ఫోన్ చేసేవాడు, నేను చదివి వినిపించేవాణ్ణి.

ఆ మంచు రకాలకు మేం వంటింటి పేర్లు పెట్టుకున్నాం. కొత్తగా పడిన పొడి మంచు పిండి. ఎండకు కరిగి మళ్ళీ బిగుసుకుని గింజకట్టింది రవ్వ. నున్నగా గడ్డకట్టింది గాజు. శేషగిరి భయపడేది ఒక్కదానికే, గాజు మీద పిండికి. దాని పైన గాలి వీచిందంటే మంచంతా కొట్టుకొచ్చి కొండ అవతలి వాలు మీద పలకలా బిగుసుకుంటుంది. అడుగున పట్టు ఉండదు. మనిషి బరువు పడితే చాలు, పలకకు పలకే జారిపోతుంది.

అందుకే రిపోర్టులో మంచు లోతు కంటే గాలి, మంచు చరియలు విరిగిపడే ప్రమాద స్థాయి ముఖ్యం. మా కస్టమర్లు మాత్రం లోతే అడిగేవాళ్ళు. వాన కోసం మొహం వాచిపోయిన ఊరు కదా, పైనుంచి ఏది ఎంత పడితే అంత మంచిదే అనుకునేవాళ్ళు. పోనుపోను నేనూ వాళ్ళకు లోతు ఒక్కటే చదివి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆ ఈద్ సెలవుల్లో కౌంటర్ దగ్గర ఊపిరాడని జనం. ఫోన్ మోగింది.

“ఒరే భాస్కరం, ఏంట్రా ఇవాళ?”

“పిండేరా బాబూ! మోకాలి లోతు. పండగ చేసుకోండి.”

“మొన్నటి గాజు అడుగున అలాగే ఉందిరా. మనోళ్ళేమో హద్దు జెండాలు దాటించి పక్క వాలు మీదికి తీసుకెళ్ళమని పీక్కుతింటున్నారు. గాలి సంగతేంటి?”

ఫ్యాక్స్ నా చేతిలోనే ఉంది. లోతు కింద గాలి, బలంగా అని. దాని కింద ప్రమాద స్థాయి, ఐదుకు నాలుగు. చూశాను. ఎదురుగా ఒకాయన పాస్‌పోర్టుతో బల్ల మీద టపటపా కొడుతున్నాడు. గాలి ఉందంటే శేషగిరి ఎటునుంచి, ఎంతసేపు అని ప్రాణం తీస్తాడు.

“గాలీ లేదు, గోలా లేదు. వెళ్ళరా,” అన్నాను.

మిగతావాళ్ళను ఆపి, వాలు పట్టు చూద్దామని తనే ముందు దిగాడట. పలక జారింది. వాళ్ళంతా పైన నిలబడి చూశారు. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు.

మేనేజర్ అడిగితే, “గాలి ఉంది, వద్దన్నాను సార్, వినలేదు,” అన్నాను. ఆ మాట గుదైబియా నుంచి గలాలీ దాకా తెలుగువాళ్ళుండే పేటలన్నిటికీ పాకింది. కస్టమర్ల ముందు హీరో అనిపించుకోబోయి పోయాడన్నారు. అతని భార్య వసంత స్కూల్ టీచరు. మొగుడి ఫోటోకు దండ కూడా వేయలేదు. “ఇంట్లో పెళ్ళాం ఒకతి ఉందని ఆయనకే గుర్తులేనప్పుడు నాకెందుకు?” అందట.

ఎండలు ముదిరాయి. కొండ మీద హోటల్ ఎప్పుడో మూసేశారు. ఒకరోజు మా రిసెప్షన్‌లోని మలయాళీ జోసఫ్ ఫోన్ పట్టుకుని నవ్వుతున్నాడు.

“భాస్కర్ భాయ్, తుమ్హారా ఆద్మీ. గాలి, గాలి బోల్తా హై. గాలీ దేతా హై క్యా?”

వాడికి తెలుగు రాదు. హిందీలో గాలీ అంటే తిట్టు, అదే అనుకున్నాడు. నేను అందుకునేసరికి లైన్‌లో హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత చాలాసార్లు అలాగే అయింది, శేషగిరి ఫోన్ చేసే వేళకే. లైన్ పాడైందని నాకు నేను చెప్పుకున్నాను.

స్కూల్ సెలవులిచ్చాక వసంత శాశ్వతంగా ఇండియా వెళ్ళిపోతూ టికెట్ కోసం మా ఆఫీసుకు వచ్చింది. పట్టపగలు. జోసఫ్ భోజనానికి వెళ్ళాడు.

“అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. గాలి ఉందని నిజంగా చెప్పారా ఆయనకి?”

“చెప్పానమ్మా. వినలేదు.”

ఫోన్ మోగింది. దగ్గరగా ఉందని తనే ఎత్తింది. వింటూ ఉండగానే ఆమె ముఖంలో రక్తం లేకుండా పోయింది. రిసీవర్ నా వైపు చాచింది.

“ఆయనే. ‘వాడిచేత ఇంకోసారి చెప్పించు’ అంటున్నారు.”

తీసుకున్నాను. హోరు. ఆ హోరులోంచి మాట.

“గాలి సంగతేంటి, భాస్కరం గారూ?”

చిన్నప్పటినుంచీ నన్ను గారు అనని మనిషి.

“చెప్పాను కదా,” అంది నా నోరు, అలవాటుగా.

నా బల్ల మీద గాజు పలక ఉండేది. దాని మీద తెల్లటి పొర. బియ్యప్పిండి జల్లినట్టు, చూస్తుండగా మందమవుతోంది. పక్కన కాగితం కూడా కదల్లేదు. అది మొత్తం ఒక్కసారిగా జారి నా ఎడమ చేతి మీద పడింది. తీసుకోబోతే రాలేదు. ఎముకలో సూదులు దిగినట్టయింది. అరిచాను.

వసంత ఆ తెల్లదాన్ని వేలితో ముట్టుకుంది. అది వేలి కొసన కరగడం చూసుకుంది. నన్ను లాగలేదు. కొండ పైన వాళ్ళు నిలబడినట్టు నిలబడి చూసింది.

“ఇప్పుడు చెప్పండి,” అంది.

నిజం చెప్పాను. ఫోన్ తెగిపోయింది. చెయ్యి వదిలింది.

“నాకు కాదు,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. “ఆయన్ని అన్నవాళ్ళందరికీ చెప్పండి.” టికెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

జోసఫ్ వచ్చి బల్ల మీద నీళ్ళు చూసి ఏసీ కారుతోందన్నాడు. ఏసీ నీళ్ళకు వేళ్ళు నల్లబడవు. క్లినిక్‌లో డాక్టరు, “ఏ మంచుకొండ మీద తిరిగొచ్చారు? ఇది చలికి కాలిన చెయ్యి,” అన్నాడు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

నేను ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని కొన్నాళ్ళు, పరువు పోతుందని కొన్నాళ్ళు. ఆ ఫోన్ మళ్ళీ మోగలేదు. కానీ అప్పుడు వేళ్ళ కొసల్లో మొదలైన మొద్దుబారడం ఏటికేడు పైకి పాకుతోంది, ఇప్పుడు మణికట్టు దాటింది. నరాల డాక్టర్లు కారణం చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

ఆ రోజు గాలి ఉంది. నేను చూశాను. శేషగిరికి చెప్పలేదు.

ఇది రాస్తున్నంతసేపూ కాగితం కదలకుండా ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాను. ఆ చేతి కింద బల్ల చల్లగా ఉందో లేదో నాకు తెలియడం లేదు.