పోలికకు ఇంకొక గ్లాసు

పక్కన ఇంకొకటి లేకుండా కుళ్ళాయప్ప దేన్నీ బాగుందని చెప్పడు. ఇడ్లీ ఎలా ఉందంటే, "పక్క హోటల్ది ఒకటి తెప్పిస్తారా?" అంటాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే, "పోలికకు ఇంకొక పిల్లను చూపించండన్నా" అన్నాడట. పిల్ల తండ్రి చెప్పు అందుకున్నాడు. ఆ పిల్ల వెంకటలక్ష్మమ్మ మాత్రం నవ్వాపుకోలేక, "చేసుకుంటే ఈయప్పనే చేసుకుంటా" అంది. ఇప్పటికీ ఆమె పప్పు వండిన రోజు ఎదురింటి పప్పు ఒక గిన్నెడు ముందే తెచ్చిపెట్టుకుంటుంది.

దేవుడు ఆ జబ్బుకు తగిన ఉద్యోగమే ఇచ్చాడు. పాత కార్ఖానాల స్థలంలో కొత్త కట్టడాలు లేపేముందు, అక్కడి మన్నులో, భూమిలోపలి నీళ్ళలో విషాలేమైనా మిగిలాయేమో పరీక్షించి చెప్పడం ఆయన పని.

ధర్మవరంలో సునంద వాళ్ళ అద్దకం షెడ్డుకు ఆ పని మీదే వచ్చాడు. ఆమె మామగారు పట్టుకు రంగులేయించిన షెడ్డు అది, మూతపడి ఏళ్ళయింది. బిల్డరు వంశీకృష్ణ దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతానన్నాడు. పరీక్షలో స్థలం పనికొస్తుందని తేలితేనే ఒప్పందం. సునందకు మిగిలిన ఆస్తి అదొక్కటే. అందుకే పరీక్షకొచ్చిన మనిషికి కాఫీ చిక్కగా పెట్టి, మనసులో వెంకటరమణస్వామికి దండం పెట్టుకుని మరీ అందించింది.

కుళ్ళాయప్ప ఒక గుక్క తాగాడు.

"ఎట్లుండాది సార్?"

"చెప్పల్లంటే పోలికకు ఇంకొక గ్లాసు కావాలమ్మా. వేరే ఇంట్లోది."

సునందకు తల కొట్టేసినట్టయింది. అయినా ఏం చేస్తుంది, అవసరం తనది. షెడ్డు వెనక వీధిలో మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టుకుని బతికే బయమ్మకు కబురు పంపింది. బయమ్మ గ్లాసు తెచ్చి, సునందను ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, వీళ్ళింట్లో పాలు విరిగినాయా?"

"లేదమ్మా, నీది పోలికకు."

రెండు గ్లాసులూ ఖాళీ చేశాడు గానీ, ఏది బాగుందో మాత్రం చెప్పలేదు. మూడోది లేదు మరి.

తర్వాత షెడ్డులో అక్కడక్కడా తవ్వించి మన్ను తీశాడు. బోరు నీళ్ళు సీసాల్లో పట్టాడు. పోలిక నీళ్ళ కోసం రంగునీళ్ళు ఎప్పుడూ పోని పైవీధిలో ఒక బోరు చూసుకున్నాడు. అక్కడితో ఆగాడా? వెనక వీధిలో పడ్డాడు. ఏ గడప ముందు నిలబడినా ఒకటే మాట.

"మీ బోరు నీళ్ళు ఊర్లోనే మేలైనవంట గదమ్మా. పోలికకు రోంత ఇస్తారా?"

పొగిడితే పొంగని ఇల్లాలు ఏ వీధిలో ఉంటుంది? అడిగింది సీసాడైతే చెంబెడు ఇచ్చారు. బయమ్మ ఏకంగా బిందె ఎత్తుకొచ్చింది. "తాగు నాయనా, కొబ్బరినీళ్ళే!" అంది.

వంశీకృష్ణకు ఒళ్ళు మండింది. "పరీక్ష చేయమనింది షెడ్డునా, ధర్మవరాన్నా?" అని అరిచాడు.

"పోలిక లేకుంటే యెట్ల చెప్పేదన్నా?" అన్నాడు కుళ్ళాయప్ప, అమాయకంగా.

ఇలాంటి మనిషి చేతిలో తన బతుకు పెట్టిన దేవుణ్ణి సునంద ఆ వారమంతా తిట్టుకుంటూనే ఉంది.

చివరికి ఫలితాలొచ్చాయి. షెడ్డు మూల, వాడిన రంగునీళ్ళు వదిలిన గుంతలో క్రోమియం ఉందట. ఆ మన్నంతా తవ్వి, కప్పిన లారీల్లో అలాంటి చెత్తను పూడ్చే చోటికి పంపాలి. తక్కిన స్థలంలో నిక్షేపంగా కట్టుకోవచ్చు. సునందకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అంతేనా సార్?"

"పోలిక నీళ్ళల్లో ఒకటి బాగలేదమ్మా."

"ఎవురివి?"

కుళ్ళాయప్ప వెనక గోడవైపు చూశాడు. అవతల బయమ్మ రాట్నం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేల అటువైపే వాలు. గుంతలోని విషం లోలోపలే నడిచి ఆమె బోరు చేరింది. కొబ్బరినీళ్ళని బిందెడు ఇచ్చిన మనిషి రోజూ తాగుతున్నది అదే. సునంద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి ఒక అనుమానమూ వచ్చింది.

"పోలికకు ఒక్క బోరు చాలు గదా సార్? వీధంతా యాల తిరిగినారు?"

కుళ్ళాయప్ప మెడ గోక్కున్నాడు. "నన్ను పిలిచింది షెడ్డుకేనమ్మా. రంగునీళ్ళకు కాంపౌండు గోడ అడ్డమా? మీ నీళ్ళల్లో విషముండాదేమో చూస్తానంటే కట్టె తీసుకుంటారు. మీవి మంచి నీళ్ళు, పోలికకు ఇయ్యండంటే బిందె ఇస్తారు."

"మరి ఇడ్లీలకు, కాఫీలకు?"

"అది నా జబ్బులేమ్మా."

సునంద ఆ సాయంత్రమే బయమ్మ బోరుకు తాళం వేయించి, ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అదృష్టం, ఇంకా ఏ హానీ జరగలేదన్నాడు. తర్వాత వంశీకృష్ణతో, "ముందు గుంత తవ్వల్ల, వెనక వీధికి మున్సిపాలిటీ పైపు రావల్ల. ఆమీటే నా సంతకం" అని తేల్చేసింది.

"వద్దని నేను తప్పుకుంటే?"

"పో. పోలికకు ఇంకొక బిల్డర్ని చూస్తా."

అతను తప్పుకోలేదు.

కొళాయిల్లో నీళ్ళొచ్చిన రోజు కుళ్ళాయప్పను పిలిపించారు. వెనక వీధి ఆడవాళ్ళంతా తలా ఒక గ్లాసుడు కొళాయి నీళ్ళతో ఆయన కూర్చున్న అరుగు చుట్టూ మూగారు. ఆయన లేకపోతే ఈ వీధి ఏమైపోయేదో అందరికీ తెలుసు. కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక, ఆయనకు ఇష్టమైన పద్ధతిలోనే చెబుదామనుకున్నారు. ముందు నిలబడింది బయమ్మ.

"తాగు నాయనా, పోలికకు. నా ఎనకాల ఇంకా శానామంది ఉండారు."

కుళ్ళాయప్ప ఏ గ్లాసునూ వదల్లేదు. ఒక్కొక్కటీ కళ్ళు మూసుకుని, నాలుక మీద తిప్పుకుని మరీ తాగాడు. వీధంతా ఊపిరి బిగబట్టింది.

"ఎట్లుండాయి సార్?" అంది సునంద.

"అన్నీ ఒకే మాదిరి ఉండాయమ్మా" అన్నాడు ఆయన, కాస్త దిగులుగా.