యాదగిరి సార్ జేబులోని చాకు

యాదగిరి సార్ ఇక లేరన్న కబురు గత మంగళవారం ఉదయం వచ్చింది. అప్పుడు నేను మా పెరట్లో ఆయన కోసమే జామపండ్లు ఏరుతున్నాను. "బాపు పొద్దుగాల లేపితే లేవలే పెద్దబాపూ" అని ఆయన కొడుకు శ్రీధర్ ఫోన్‌లో రెండుసార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు. పండ్లు ఏరడం ఆపాలన్న సంగతి కూడా కాసేపటిదాకా తోచలేదు.

కల్వకుర్తి కాలేజీలో ఆయన వృక్షశాస్త్రం, నేను చరిత్ర బోధించాం. పదవీ విరమణ తరువాత కూడా మా సాయంత్రపు నడక కలిసే సాగింది. ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన వేలెడంత మడత చాకు ఎప్పుడూ ఉండేది. కాండాన్ని కోసి పిల్లలకు లోపలి పొరలు చూపింది, బస్సులో పక్కవాళ్లకు జామకాయ ముక్కలు పంచింది దానితోనే. "కొరికితే పండు ఒక్కనిదే సార్, కోస్తే అందరిది" అనేవారు.

ఒక ఎన్నికల సమయంలో అచ్చంపేట నుంచి వస్తుంటే మా బస్సును తనిఖీకి ఆపారు. డబ్బు సంచుల కోసం వెతుకుతున్న కుర్ర కానిస్టేబుల్ ఆయన జేబు చూసి ఆగిపోయాడు.

"ఏంది సార్ గిది?"

"చాకు బిడ్డా. జామకాయ కోసెతందుకు."

"మరి జామకాయ ఏది?"

"గిప్పుడే తిన్నం."

బస్సంతా నవ్వింది. కానిస్టేబుల్ నవ్వలేదు. చాకు తీసుకుని, "రేపు ఠాణాకు రాండ్రి" అన్నాడు.

మరునాడు ఇద్దరం వెళ్లాం. ఎస్సై కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చాకు తిరిగిచ్చాడు. "తప్పేం లేదు సార్, తీస్కపోండ్రి. జేబుల మాత్రం పెట్టుకోకుండ్రి."

సార్ లేవలేదు. "తప్పు లేకుంటే జేబుల ఎందుకు పెట్టుకోవద్దు? తప్పుంటే నాకెందుకు ఇస్తున్నవు?"

ఎస్సై నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

తరువాత వకీలును అడిగాం. చట్టం కత్తి పొడవు చూస్తుంది, అది ఏ పనికో చూస్తుంది, ఇంత చిన్నదానికి లైసెన్సు అక్కరలేదు అన్నాడు. ఆంక్షలున్న రోజుల్లో మాత్రం పోలీసులు చెప్పినట్టు వినమన్నాడు.

"ఆంక్షలున్నయని నాకెట్ల తెలుస్తది?"

"ఆపితే తెలుస్తది సార్."

తన విద్యార్థులు కూడా ఉన్న బస్సులో ఆయుధం దొరికినవాడిలా నిలబడవలసి వచ్చిందే అన్నది ఆయన బాధ. అది తప్పు కాదని ఎవరైనా ఒక్క మాట స్పష్టంగా చెబితే చాలనుకున్నారు. చెప్పేవారు దొరకలేదు. చాకు బీరువాలోకి వెళ్లిపోయింది. నడకలో పండు కనిపిస్తే చేయి జేబుదాకా వెళ్లి ఊరికే తిరిగివచ్చేది. "మీరే కొరకుండ్రి సార్" అని పండు నాకిచ్చేవారు. తాను ఇంట్లో తప్ప తినేవారు కాదు. నా డైరీలో 'చాకు జేబులో ఉండవచ్చునా, కూడదా?' అని రాసి, జవాబు కోసం కింద జాగా వదిలాను.

మా వైపు కర్మ చేసేవారు దినాలు పూర్తయ్యేదాకా ఇనుము ఏదైనా వెంట ఉంచుకోవాలి. శ్రీధర్ బీరువా తెరిచి ఆ చాకునే మొలలో దోపుకున్నాడు. మూడోనాడు అస్థికల కుండతో కృష్ణా నదికి బయలుదేరాం. కొల్లాపూర్ దగ్గర పోలీసులు కారు ఆపారు. ఏ తనిఖీయో తెలియదు. ఒక కానిస్టేబుల్ చూపు శ్రీధర్ ఒడిలోని కుండ మీద, తరువాత మొలలోని చాకు మీద పడింది.

"తియ్యాల్నా సార్?" అన్నాడు శ్రీధర్.

"అయ్యో, ఉండనియ్యి అన్నా. పోండ్రి" అని కానిస్టేబుల్ చేతులు జోడించాడు.

పండు కోసే నాడు కూడనిది ఈనాడు ఎట్లా కూడింది? అడగాలని నోరు తెరిచాను. గట్టిగా అడగగలిగిన మనిషి ఆ కుండలో ఉన్నారు. కారు కదిలింది.

రేవులో శ్రీధర్ నేను తెచ్చిన జామపండును ఆ చాకుతో కోసి, తండ్రి పేరిట ఒక ముక్క నీళ్లలో విడిచి, మిగిలిన ముక్కలు అందరికీ పంచాడు. సార్, డైరీలో ఆ జాగా ఇంకా ఖాళీగానే ఉంది. మీ వంతు ముక్క నదికి ఇచ్చాం. ఇక సాయంత్రాలు నాకు పండు ఇచ్చేవారెవరో తెలియక, మీకు నమస్కరిస్తున్నాను.