డబుల్ సింకు

మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ పెరట్లో కుళాయి దగ్గర కింద కూర్చుని అంట్లు తోమలేకపోతోందని, వంటింట్లో సింకు పెట్టించాలనుకున్నాను. జగ్గయ్యపేటలో షాపాయన అడిగాడు.

"అమ్మగార్ని తీసుకురాలేదేంటండీ?"

"సింకుకి కూడా ఆవిడెందుకండీ!" అని నవ్వి, మధ్యలో అడ్డుగోడ ఉన్న డబుల్ సింకు ఎంచాను. గట్టు మీద రాయి దాని కొలతకే కోయించాను.

ఈ రోజు మిరపకోత కూలీలకు అన్నం వండిన పెద్ద గిన్నె అందులో పట్టలేదు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"దేంట్లోనూ దిగట్లేదండీ. చిన్నవాటికి బానే ఉందిలెండి," అని గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరకే వెళ్ళింది.

నేను తోముతానని వెనకాలే వెళ్ళాను.

"పక్కింటోళ్ళు చూస్తారు, లోపలికెళ్ళండి," అంది.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను మాత్రం లోపలికొచ్చి కూర్చున్నాను.