ఐసులో మునిగిన వేలు

గంగాభవాని గొంతు విప్పితే బకింగ్‌హాం కాలువ అవతలి ఒడ్డున కొంగలు లేచిపోతాయి. కోట మార్కెట్టులో ఆమె చేపల బేరాలన్నీ ఆ గొంతుతోనే గెలిచింది. అలాంటి గొంతును న్యుమోనియా పది రోజులు మూసేసింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరమ్మ వేలికి తగిలించే చిన్న మిషను కొనమంది. ఆక్సిజన్ అంకె తొంభై రెండుకు తగ్గితే వెంటనే రమ్మంది.

నెల తర్వాత ఈరోజే మళ్ళీ గంప ఎత్తడం. కొడుకు పెంచల్ ఐసు పగలగొట్టి ఇస్తుంటే, పొద్దున్నించి చేతులు అందులోనే పెట్టి పండుగప్ప చేపలు సర్దింది. తీరా బయలుదేరబోతే పెంచల్ అడ్డం వచ్చి, నిలబడి ఉండగానే ఆమె వేలికి మిషను తగిలించాడు.

ఎనభై నాలుగు.

కోడలు చిట్టి అప్పుడే ఆటో మధుబాబుకు ఫోన్ చేసేసింది.

"గంప దించమ్మా, ఆస్పత్రికి పోదాం," అన్నాడు పెంచల్. " నువ్వు చేపలమ్మింది ఇంక చాలు. ఇంట్లో కూర్చో."

"ఎవుర్రా కూర్చునేది? ఆ అంకె నాది కాదు, ఐసుది!"

"మిషను అబద్ధం చెప్తాదా?"

"నువ్వు చెప్పించినావు! డాక్టరమ్మ చెప్పేటప్పుడు నువ్వు మందుల షాపు కాడుంటివి, విన్నది నేను. వేలు వెచ్చగుండాల. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాల. చెయ్యి రొమ్ము కాడ ఆనించుకోవాల. అంకె గెంతులాపి నిలిచిందాకా చూడాల. నువ్వేమో తగిలించీ తగిలించకముందే ఏడుపు ఎత్తుకున్నావు!"

"నిజంగా ఊపిరాడకపోతే, అత్తా?" అంది చిట్టి.

"ఊపిరాడకపోతే అంకె ఎంతున్నా రమ్మనింది. ఊపిరాడనిదాన్నయితే మీ ఇద్దరినీ ఇంతసేపు తిట్టగలనా మే?"

అక్కడితో ఆగలేదు. "సరిగ్గా చూద్దాం. అప్పుడూ తగ్గితే నేనే ఆటో ఎక్కతా," అని పందెం కట్టినట్టు చెప్పి, చేతులు తుడుచుకుని, చంకల్లో దాచుకుని అరుగు మీద కూర్చుంది. జబ్బు పడ్డ ఆ పది రోజులు తప్పిస్తే, పుట్టి బుద్ధెరిగాక ఆమె అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. ఇంటి మీది కాకులు కూడా కంగారుపడి అరవడం మానేశాయి.

మళ్ళీ పెట్టారు. తొంభై మూడు. తొంభై అయిదు. తొంభై ఆరు దగ్గర అంకె నిలిచింది. నిమిషం గడిచినా కదల్లేదు.

గంగాభవాని చటుక్కున మిషను తీసి, ఈలోగా చేపల మీద మళ్ళీ ఐసు సర్దిన కొడుకు వేలికి తగిలించింది. ఎనభై మూడు!

"అయ్యో! చిట్టీ, నీ మొగుణ్ణి ఎక్కించు ఆటోలో!"

అంతలో ఆటో వచ్చి ఆగింది. "పేషెంటు ఎవురు పెద్దమ్మా?" అన్నాడు మధుబాబు ఆదుర్దాగా.

"పేషెంటు లేడు, గంపుంది. ఒక చెయ్యి పట్టు. కోట మార్కెట్టుకి పోనియ్యి," అని మిషను కొంగున ముడేసుకుంది. "సాయంత్రం మళ్ళీ చూద్దాం. ఐసు చేతులు కడుక్కుని వెచ్చబడ్డాక."