కాకి అడిగిన మోటారు లెక్క

బంధువులంతా కళ్ళు తుడుచుకుంటున్న చోటికి పోలీసుల్ని పిలిపించి, చివరికి ఒక కాకి ముందు ఓడిపోయినవాణ్ణి నేను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మా అక్కయ్యే నవ్వింది.

పోయింది మా బావగారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మన దేశం యుద్ధానికి డ్రోన్లు చేస్తోందనీ, బయటి దేశాలు కొంటున్నాయనీ పేపర్లో పడితే, స్వయంగా తనే బిగించినట్టు మురిసిపోయేవారు.

"రెక్కలు మనవే అయ్యుంటాయి బావగారూ. లోపలి మోటారు ఎవరిదీ?" అనేవాణ్ణి.

"పెళ్ళిచూపుల్లో కాఫీ నిజంగా ఎవరు పెట్టారని అడిగినవాడివి! నువ్వు నమ్ముతావట్రా?"

ఆసుపత్రిలోనూ ఆ వాదన తెగలేదు.

పదో రోజున గోదావరి రేవులో మేనల్లుడు పిండం పెట్టాడు. కాకి రాలేదు. "ఏదో కోరిక మిగిలిపోయిందండీ," అన్నారు పురోహితుడుగారు.

"అమ్మని బాగా చూసుకుంటాను నాన్నా," అన్నాడు మేనల్లుడు. అయినా రాలేదు. అక్కయ్య పిండం మీంచి చూపు తిప్పడం లేదు.

పైన మాత్రం ఒక డ్రోను తిరుగుతోంది. నేను పోలీసులకి ఫోను చేశాను.

"డ్రోన్ల సంగతి ఒక్కసారి ఒప్పుకోరా. ఆయన బెంగ అదే," అంది అక్కయ్య.

"ముందు అదెవరిదో తేలనీ. బ్యారేజీని ఫొటోలు తీస్తోంది. శత్రువులదే! కాకులు రానిది దాని భయానికే."

కాసేపటికి కానిస్టేబుల్ వచ్చాడు. "అది మాదేనండీ. నీళ్ళు పెరిగాయి కదా, ఎవరూ లోతుకి దిగకుండా చూస్తున్నాం."

"ఏ దేశంలో చేశారు?"

"మన దేశంలోనేనండీ."

"లోపలి మోటారు?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ముందు మీ కార్యక్రమం కానివ్వండి మాస్టారూ," అని డ్రోనుని వెనక్కి రప్పించాడు.

ఆకాశం ఖాళీ అయింది. కాకి రాలేదు. అందరూ నా వైపు తిరిగారు, పరీక్షలో కాపీ కొడుతూ దొరికినవాణ్ణి చూసినట్టు.

చేతులు జోడించాను. "ఒప్పుకున్నాను బావగారూ. మన దేశం డ్రోన్లు చేస్తోంది. యుద్ధానికి పనికొచ్చేవే చేస్తోంది."

ఎక్కణ్ణుంచి వచ్చిందో, కాకి వచ్చి వాలింది. పిండాన్ని చూసింది. నన్ను చూసింది. ముట్టలేదు.

"మనసులో ఇంకా ఏదో దాచుకున్నావురా," అంది అక్కయ్య.

"మోటారు కూడా మనదే బావగారూ," అన్నాను.

కాకి ముక్కు పెట్టింది. ఏడుస్తూనే అక్కయ్య ఫక్కున నవ్వింది.

అందుకే గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పోయినవాళ్ళతో ఇక వాదించను. మోటారు గురించి నా అనుమానం అలాగే ఉంది. కాకులు వినేచోట మాత్రం అనను.